"ప్రేమ ఉంటే మానేయొచ్చు కదా?" - 'డోప్ సిక్ లవ్' డాక్యుమెంటరీ చూశాక నాకు అర్థమైంది

ఈ రోజు టాపిక్‌లోకి వెళ్ళే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

అమెరికాలో ఫిలడెల్ఫియా అనే సిటీ ఉంది కదా, అందులో కెన్సింగ్టన్ అని ఒక ఏరియా. మీ ఫీడ్‌లో కచ్చితంగా వచ్చే ఉంటుంది. రోడ్డు పైన రైలు ట్రాక్, కింద ఫుట్‌పాత్ మీద మనుషులు నడుము దగ్గర సగానికి వంగిపోయి, నిలబడే నిద్రపోతుంటారు. "జాంబీ స్ట్రీట్" అని పేరు పెట్టి, వెనకాల హారర్ మ్యూజిక్ వేసి వదులుతారు. నేనూ అలాంటి షార్ట్ ఒకటి చేశా. నా ఛానల్‌లో బాగా ఆడిన వీడియోల్లో అదొకటి. నవ్వుతూనే చెప్పా, ఎడిటింగ్‌లో ఆ వంగిపోయే షాట్‌ని రెండుసార్లు రిపీట్ కూడా చేశా.

దాని కింద ఒకమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. పేరు, ఊరు చెప్పను. తెలుగమ్మాయి, బెంగళూరులో జాబ్. "అన్నా, మీరు నవ్వుతూ జాంబీ అన్నారు. మా ఆయన పెయిన్‌కిల్లర్ టాబ్లెట్లకి అలవాటుపడ్డాడు. ఒక్క రోజు దొరక్కపోతే చలి, వాంతులు, బాత్రూమ్‌లోంచి బయటికి రాడు. చూడలేక మొన్న నేనే వెళ్ళి తెచ్చిచ్చా" అని రాసింది.

నేనేమన్నానో తెలుసా? "అంత ప్రేమ ఉంటే ఆయన మానేయొచ్చు కదమ్మా, లేకపోతే నువ్వు వదిలేయ్." ఒక్క లైన్. రాసి నా పని నేను చూసుకున్నా.

తను ఒక్క ముక్కే రిప్లై ఇచ్చింది. "వదిలేస్తే ఎక్కడికి పోతాడన్నా."

ఆ మాట బుర్రలోంచి పోలేదు. ఆ వెతుకులాటలోనే 'డోప్ సిక్ లవ్' అనే డాక్యుమెంటరీ దొరికింది. 2005లో హెచ్‌బీఓలో వచ్చింది. ఫెలిస్ కాంటే, బ్రెంట్ రెనో, క్రెయిగ్ రెనో అని ముగ్గురు డైరెక్టర్లు. బ్రెంట్, క్రెయిగ్ అన్నదమ్ములు. న్యూయార్క్ వీధుల్లో హెరాయిన్, క్రాక్ కొకైన్‌కి బానిసలైన రెండు జంటల వెనకాల కెమెరా పట్టుకుని తిరిగారు. అంతే సినిమా. డాక్టర్ వచ్చి ఎక్స్‌ప్లెయిన్ చేయడు, పోలీసాఫీసర్ ఇంటర్వ్యూ ఉండదు, గ్రాఫులు ఉండవు. వాళ్ళు ఉదయం లేవడం, డబ్బు కోసం పరిగెత్తడం, సరుకు కొనడం, ఏ బిల్డింగ్ మెట్ల దగ్గరో, ఏ పబ్లిక్ బాత్రూమ్‌లోనో ఎక్కించుకోవడం, మళ్ళీ పరిగెత్తడం. ఇల్లు లేదు, ఇద్దరికీ ఉన్నది ఒకరికొకరే. అమ్మాయిలు ఒళ్ళమ్ముకుని డబ్బు తెస్తారు, అబ్బాయిలు వీధిలో చిన్నా చితకా మోసాలు చేస్తారు.

సూదులు గుచ్చుకోవడం క్లోజప్‌లో ఉంటుంది. పిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదిది. ఇందులో మనుషుల పేర్లు నేను చెప్పను. ఇరవై ఏళ్ళ కింద వాళ్ళ బతుకులో అతి చెత్త రోజుల్ని ఎవరో రికార్డ్ చేశారు, ఇప్పుడు మళ్ళీ నేను ట్యాగ్ చేయడం ఎందుకు.

సినిమా పేరులోనే విషయం అంతా ఉంది. డోప్ అంటే హెరాయిన్. డోప్ సిక్ అంటే మత్తులో ఉండటం కాదు, మత్తు దిగాక డోస్ అందక వచ్చే జబ్బు. మనలో చాలామంది అనుకునేది ఏంటంటే, వీళ్ళు "ఎంజాయ్‌మెంట్ కోసం" తీసుకుంటారని. మొదట్లో నిజమే కావచ్చు. కానీ వీధిలోకి వచ్చే స్టేజ్‌కి ఎంజాయ్‌మెంట్ ఎప్పుడో అయిపోయింది. వాళ్ళు కొనేది సుఖాన్ని కాదు, జబ్బు రాకుండా ఇంకో ఆరేడు గంటల్ని.

ఇది లోపల ఎలా జరుగుతుందో ఒక్క నిమిషం చూద్దాం. నేను బీటెక్ వాణ్ణి, డాక్టర్ని కాదు. అయినా ఈ మెకానిజం అర్థం చేసుకోవడం అంత కష్టమేం కాదు.

మెదడు అడుగు భాగంలో లోకస్ సెరూలియస్ అని చిన్న కణాల గుంపు ఉంటుంది. ఇది నారడ్రినలిన్ వదులుతుంది. మెలకువ, గుండె వేగం, చెమట, అలర్ట్‌గా ఉండటం, వీటన్నిటికీ అదే యాక్సిలేటర్ అనుకోండి. హెరాయిన్ శరీరంలోకి వెళ్ళగానే మార్ఫిన్‌గా మారి ఆ కణాల మీద బ్రేక్ వేస్తుంది. ఒకసారి వేస్తే ఓకే. రోజూ నాలుగుసార్లు, నెలల తరబడి బ్రేక్ నొక్కే ఉంచితే మెదడు ఊరుకోదు. బండి ఆగిపోతోంది కదా అని యాక్సిలేటర్‌ని పెంచుకుంటూ పోతుంది. ఇప్పుడు బ్రేక్, యాక్సిలేటర్ రెండూ ఫుల్‌గా నొక్కి ఉన్నాయి, బండి మామూలు స్పీడులోనే పోతోంది. బయట నుంచి చూస్తే మనిషి నార్మల్.

ఇప్పుడు ఒక్కసారిగా బ్రేక్ మీంచి కాలు తీసేయండి.

ఆఖరి డోస్ తర్వాత 6 నుంచి 12 గంటల్లో మొదలవుతుంది. ముందు ఆవలింతలు, కళ్ళ నీళ్ళు, ముక్కు కారడం. తర్వాత చెమట, చలి, కోడి ఈక పీకినట్టు ఒంటి మీద రోమాలు లేచి నిలబడటం. తర్వాత కడుపులో మెలిపెట్టడం, వాంతులు, విరేచనాలు, ఎముకల్లో నొప్పి, కాళ్ళు వాటంతటవే తన్నుకోవడం, నిద్ర అనేదే లేకపోవడం. రెండో రోజు, మూడో రోజు పీక్‌కి వెళ్తుంది. వారానికి ఒళ్ళు కొంత కుదురుకుంటుంది, నిద్ర పట్టకపోవడం, దిగులు ఇంకా చాన్నాళ్ళు ఉంటాయి. దీనంతటికీ గంటలోపే పనిచేసే మందు ఒకటుందని మీకు తెలుసు. అది రెండు వీధుల అవతల అమ్ముతున్నారు. ఆ స్టేజ్‌లో మీరేం చేస్తారు?

ఇది ఒక్క మనిషి కథ. ఇప్పుడు ఇద్దర్ని పెట్టండి, అసలు విషయం ఇక్కడే ఉంది.

ఇద్దరి గడియారాలూ ఒకేసారి నడుస్తుంటాయి. ఇద్దరికీ ఉదయం ఆరింటికి ముక్కు కారడం మొదలవుతుంది. చేతిలో ఒక్కరికి సరిపడా డబ్బే ఉంది. సగం సగం పంచుకుంటే ఇద్దరికీ జబ్బు తగ్గదు. ఒకరికిస్తే వాళ్ళు లేచి బయటికెళ్ళి రెండోవాళ్ళ కోసం డబ్బు తేగలరు. ఎవరికివ్వాలి? "నిన్ను ప్రేమిస్తున్నా" అనే మాటకి ఆ వీధిలో అర్థం "మొదటిది నువ్వు తీసుకో" అని. మోసం అంటే వేరే అమ్మాయితో తిరగడం కాదు, ఆ చిన్న ప్యాకెట్‌లో కొంచెం దాచుకోవడం.

2006లో జేనీ సిమన్స్, మెరిల్ సింగర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి జంటల మీదే ఒక పేపర్ రాశారు. వాళ్ళు వాడిన రెండు మాటలు నాకు బాగా పట్టుకున్నాయి. ఒకటి కేర్, అంటే ఒకరినొకరు చూసుకోవడం. రెండోది కొల్యూజన్, అంటే కుమ్మక్కవడం. మన కంటికి ఇవి రెండూ వేర్వేరు పనులు. ఈ జంటల్లో మాత్రం రెండూ ఒకే పని. భార్య వణికిపోతుంటే డోస్ తెచ్చిపెట్టడం సేవా, నాశనమా? రెండూ. మన బెంగళూరు అమ్మాయి చేసిందీ అదే. తను బలహీనురాలు కాదు, తెలివి తక్కువదీ కాదు. జ్వరంతో ఉన్నవాడికి గోళీ తెచ్చిచ్చినట్టే తెచ్చిచ్చింది.

దీంట్లో ఇంకో చీకటి మూల ఉంది, కెమెరాకి అంతగా కనిపించనిది. చాలామంది ఆడవాళ్ళకి మొదటి ఇంజెక్షన్ ఇచ్చేది భర్తో, బాయ్‌ఫ్రెండో. ఎప్పటికీ తనే గుచ్చుతాడు, తనకి చేతకాదు కాబట్టి. ఇద్దరికీ ఒకటే సూది ఉంటే మొదట అతను, తర్వాత ఆమె. అంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రిస్క్ ఎవరికి ఎక్కువో చెప్పక్కర్లేదు. కొత్త సూది అడగడం అంటే "నీ మీద నమ్మకం లేదు" అన్నట్టు. 1990 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళలో దాదాపు సగం మందికి హెచ్‌ఐవీ ఉండేది. 1992 నుంచి లీగల్‌గా పాత సూదులు తీసుకుని కొత్తవి ఇచ్చే సెంటర్లు నడిపాక, ఆ అంకె బాగా పడిపోయింది. "డ్రగ్స్ తీసుకునేవాళ్ళకి సూదులు ఫ్రీగా ఇస్తారా" అని అప్పట్లో తిట్టినవాళ్ళే ఎక్కువ.

సరే, మరి ట్రీట్‌మెంట్ లేదా? ఉంది. తమాషా ఏంటంటే అది పుట్టింది కూడా ఆ న్యూయార్క్‌లోనే. 1960ల మధ్యలో రాక్‌ఫెల్లర్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే ఇద్దరు డాక్టర్లు మెథడోన్ అనే మందుతో ప్రయోగం చేశారు. వీళ్ళూ ఒక జంటే, తర్వాత పెళ్ళి చేసుకున్నారు. మెథడోన్ కూడా బ్రేకే, కానీ నెమ్మదిగా పడి రోజంతా ఉండే బ్రేక్. ఉదయం ఒక్కసారి తాగితే మర్నాటి దాకా జబ్బు రాదు. గాల్లో తేలడం ఉండదు. ఆరు గంటలకోసారి పరిగెత్తే మనిషికి ఒక్కసారిగా రోజంతా ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలోనే ఉద్యోగం, ఇల్లు, స్నానం, అన్నం, అన్నీ మళ్ళీ వస్తాయి.

రెండో మందు బ్యూప్రెనార్ఫిన్. 2002 అక్టోబర్‌లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. ఇది సగం బ్రేక్ మాత్రమే వేస్తుంది, ఎంత ఎక్కువ తీసుకున్నా ఒక హద్దు దాటాక పవర్ పెరగదు. అందుకే సేఫ్. ఒక్క మెలిక ఉంది. ఒంట్లో హెరాయిన్ ఇంకా ఉండగానే ఇది వేసుకుంటే, ఉన్న ఫుల్ బ్రేక్‌ని పక్కకి తోసేసి తను కూర్చుంటుంది. అప్పుడు డోప్ సిక్ ఒక్కసారిగా మీద పడుతుంది. కాబట్టి ముందు కొన్ని గంటలు జబ్బుని భరించి, తర్వాత మొదటి డోస్ తీసుకోవాలి. ఆ కొన్ని గంటలు పక్కన ఇంకో మనిషి వణుకుతూ, ఆ మనిషి చేతిలో ఇరవై డాలర్లు ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. క్రాక్‌కి అయితే ఇలాంటి మందే లేదు, ఇప్పటికీ.

ఇక సిస్టమ్ సంగతి. ఒంటరి మనుషుల కోసం నడిపే షెల్టర్లలో మగవాళ్ళకి వేరు, ఆడవాళ్ళకి వేరు. పెళ్ళయినట్టో, కలిసి ఉంటున్నట్టో కాగితం చూపించలేని జంట, లోపలికి పోవాలంటే విడిపోవాలి. కాగితాలన్నీ ఉన్నవాళ్ళు ఫుట్‌పాత్ మీద ఎందుకుంటారు చెప్పండి? డిటాక్స్‌లో కూడా చాలా చోట్ల జంటని ఒకేసారి చేర్చుకోరు. కారణం లేకపోలేదు, ఒకడు బ్యాగ్ సర్దితే ఇద్దరూ వెళ్ళిపోతారు. కానీ దాని ఫలితం చూడండి. ఒకరు లోపలికి వెళ్తారు, ఇంకొకరు వీధిలోనే. వారం తర్వాత లోపలున్నవాళ్ళు బయటికొస్తే వెళ్ళేది ఎవరి దగ్గరికి? ఇల్లు అంటే ఆ మనిషే కదా.

ఇక్కడే మనుషులు చనిపోతారు. ఈ ముక్క మాత్రం జాగ్రత్తగా వినండి. వారం, రెండు వారాలు మానేస్తే ఒళ్ళు తట్టుకునే శక్తి పడిపోతుంది. పాత డోసే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. డిటాక్స్ నుంచో, జైలు నుంచో వచ్చిన మొదటి రోజులు అన్నిటికంటే ప్రమాదం. మందు సపోర్ట్ లేకుండా "విల్ పవర్‌తో" మాన్పించి ఇంటికి పంపడం, నా దృష్టిలో ట్రీట్‌మెంట్ కాదు. కొంతమంది గదిలో పెట్టి తాళం వేస్తారు కదా, దాని గురించే చెప్తున్నా.

ఇదే చోట జంటగా ఉండటం ప్రాణం కూడా కాపాడుతుంది. ఓవర్‌డోస్‌ని రివర్స్ చేసే నలాక్సోన్ అనే మందు ఉంది. ముక్కులో స్ప్రే కొడితే కొన్ని నిమిషాల్లో ఊపిరి వస్తుంది. కానీ స్పృహ లేని మనిషి తనకి తాను కొట్టుకోలేడు. పక్కన ఒకరుండాలి. ఈ డాక్యుమెంటరీ తీసే రోజుల్లో ఆ మందు ఆంబులెన్స్‌లో, హాస్పిటల్లో ఉండేది. న్యూయార్క్ రాష్ట్రం 2006లో మామూలు మనుషులు కూడా దగ్గర పెట్టుకునేలా చట్టం మార్చింది. 2023లో స్ప్రేని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి అమెరికా మొత్తం మీద అనుమతి వచ్చింది. అప్పటికి వీధుల్లో హెరాయిన్ ప్లేస్‌లోకి ఫెంటానిల్ వచ్చేసింది. 2021 నుంచి 2023 వరకు అక్కడ ఏటా లక్ష మందికి పైగా ఓవర్‌డోస్‌తో చనిపోయారు. నేను జోక్ చేసిన కెన్సింగ్టన్‌లో ఫెంటానిల్‌తో పాటు జైలజీన్ అని జంతువులకి ఇచ్చే మత్తుమందు కూడా కలిపారు. ఆ వంగిపోవడం, ఒంటి మీద మానని పుండ్లు, వీటి వెనకాల ఆ కల్తీ ఉంది. వాళ్ళు కావాలని కొనుక్కున్నది కూడా కాదది.

సినిమా మీద నాకున్న కంప్లయింట్ కూడా చెప్పాలి. అంత దగ్గరగా కెమెరా పెట్టినప్పుడు, ఆ మనిషి ఊపిరి ఆగిపోయేలా ఉంటే మీరేం చేసేవారు అనే ప్రశ్న చూస్తున్నంతసేపూ నన్ను కొరికేసింది. పైగా, మత్తులో ఉన్న మనిషి ఇచ్చే పర్మిషన్ ఎంతవరకు పర్మిషన్? అయినా నా షార్ట్‌కీ దీనికీ తేడా ఉంది. నేను ఇరవై సెకన్లు ఒక శరీరాన్ని చూపించా. వాళ్ళు నెలల తరబడి ఆ మనుషులతో నడిచారు. కోపం, జెలసీ, జోకులు, ఒకరి జుట్టు ఒకరు సవరించడం, అన్నీ ఉన్న మనుషులుగా చూపించారు. ఆ అన్నదమ్ముల్లో బ్రెంట్ రెనో తర్వాత యుద్ధాల్లోకి కూడా అలాగే దగ్గరగా వెళ్ళాడు. 2022 మార్చి 13న ఉక్రెయిన్‌లోని ఇర్పిన్‌లో, శరణార్థుల్ని షూట్ చేయడానికి వెళ్తుంటే కాల్పుల్లో చనిపోయాడు. 50 ఏళ్ళు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక్క లెక్క. 2019లో ఎయిమ్స్ వాళ్ళు బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే ప్రకారం ఓపియాయిడ్స్ వాడేవాళ్ళు మన దేశంలో సుమారు 2.26 కోట్ల మంది. అందులో సాయం అవసరమైనవాళ్ళు 77 లక్షలు. హెరాయిన్ ఒక్కటే కాదు, మెడికల్ షాప్ నుంచి వచ్చే మాత్రలు కూడా ఇందులో ఉన్నాయి.

ఆ అమ్మాయికి నేను రెండు వారాల తర్వాత మళ్ళీ రాశా. ముందు సారీ చెప్పా. తర్వాత తెలిసినంత చెప్పా. మీలో ఎవరికైనా పనికొస్తుందేమో, ఇక్కడా చెప్తున్నా.

14446. ఇది కేంద్ర ప్రభుత్వం డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, టోల్ ఫ్రీ. బ్యూప్రెనార్ఫిన్ మన దేశంలోనూ ఇస్తారు, సైకియాట్రిస్ట్ దగ్గర, ప్రభుత్వ సెంటర్లలో. హైదరాబాద్ అయితే ఎర్రగడ్డ, వైజాగ్ అయితే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. "ఎర్రగడ్డ" అనగానే నవ్వొస్తుంది కదా? మన సినిమాలు నేర్పిన నవ్వు అది. పోలీస్ కేస్ భయం ఉంటే, ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, చిన్న మొత్తం దగ్గరున్నందుకో కేసు పడిన బానిస, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట ట్రీట్‌మెంట్‌కి వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్ళకి ఇది వర్తించదు.

మనిషి పిలిస్తే లేవకుండా, గురక లాంటి శబ్దం చేస్తూ, పెదాలు నీలంగా మారుతుంటే అది నిద్ర కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఒక్కళ్ళనే వదిలి వెళ్ళకండి. "ఏం తీసుకున్నాడు" అని అడిగితే నిజం చెప్పండి. ఇంకోటి, అతను చేయి చేసుకుంటుంటే ఇదంతా పక్కన పెట్టి 181కి కాల్ చేయండి. అప్పుడు వదిలి వెళ్ళడం కరెక్టే, ఎక్కడికి పోతాడు అనే ప్రశ్న మీది కాదు.

మన అమ్మాయి విషయంలో కొట్టడాలు అవీ లేవు. "ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చా, లేక వాడొక్కడే వెళ్ళాలా" అని అడిగింది. కలిసే వెళ్ళమన్నా. తర్వాత ఇంకో మెసేజ్ వచ్చింది, చాలా చిన్నది. "అన్నా, నాకు కూడా అవసరమే. చెప్పలేదు మీకు."

అది చదివాకే ఆ షార్ట్ డిలీట్ చేశా. మొన్న గురువారం ఇద్దరికీ రెండో అపాయింట్‌మెంట్. వెళ్ళారో లేదో ఇంకా రిప్లై రాలేదు.